పద్దు తెరువు దొరా

వికారాబాద్ జిల్లా కోట్‌పల్లి మండలంలో మూడెకరాల కంది వేసిన రైతు గురించి సర్కారుకు తెలియని సంగతి లేదు. సర్వే నంబరు తెలుసు, పట్టా పాస్‌బుక్కు తెలుసు, ఆధార్ తెలుసు, బ్యాంకు ఖాతా తెలుసు. ఏ గుంటలో ఏ పంట ఉందో విస్తరణాధికారి వచ్చి ఎక్కించుకుని పోతాడు. కొనుగోలు కేంద్రానికి బస్తాలు తెస్తే మిషన్ పెట్టి తేమ చూస్తారు, 12 శాతం దాటితే ఆరబోసుకుని రమ్మంటారు. పంట నమోదులో పేరు లేకపోతే ఆ కందులు కందులే కావు. మూడెకరాల మనిషిని ఇంతగా బట్టలు విప్పి చూసే వ్యవస్థ మనది.

ఇప్పుడు అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని ఒక కుటుంబం సంగతి వినండి. 1865లో విలియం వాలెస్ కార్గిల్ అనే మనిషి అయోవా రాష్ట్రంలోని కనోవర్ అనే ఊళ్లో, రైలు పట్టాలు ఆగిపోయే చోట, ఒక ధాన్యపు గిడ్డంగి పట్టుకున్నాడు. 1909లో ఆయన పోయేనాటికి అప్పులు మిగిలాయి. కూతురు ఎడ్నా భర్త జాన్ మెక్‌మిలన్ పగ్గాలు పట్టి నిలబెట్టాడు. మామ గిడ్డంగిని అల్లుడు కాపాడిన కథ మన దగ్గర ఏ మిల్లు సేటును అడిగినా ఒకటి చెబుతాడు, అందులో వింతేమీ లేదు. వింత ఆ తర్వాతది. నూట అరవై ఏళ్లు తిరిగాయి. ఇవాళ కార్గిల్ డెబ్బై దేశాల్లో పని చేస్తుంది. గోధుమ, మక్క, సోయా, పామాయిలు, మాంసం, కోకో, పశువుల దాణా, ఉప్పు, వాటిని మోసే ఓడలు, వాటి మీద పందెం కాసే ఆర్థిక వ్యాపారం, అన్నీ అందులో ఉన్నాయి. 2023లో అమ్మకాలు 177 బిలియన్ డాలర్లు. అప్పటి మారకంలో పద్నాలుగున్నర లక్షల కోట్ల రూపాయల పైచిలుకు. ఆ ఏడాది తెలంగాణ రాష్ట్రం మొత్తం ఉత్పత్తి విలువ పక్కన నిలబడే అంకె అది. (అమ్మకమూ ఉత్పత్తీ ఒకటి కావని నాకూ తెలుసు. సైజు చెబుతున్నానంతే.) ఇంత సంస్థలో తొంభై శాతానికి దగ్గర వాటా కార్గిల్, మెక్‌మిలన్ వంశాల వాళ్ల చేతుల్లోనే ఉంది. షేరు మార్కెట్‌లో లేదు. కాబట్టి లెక్క చెప్పాల్సిన పని లేదు. మూడు నెలలకోసారి ఏదో కొంత చెప్పే అలవాటు ఉండేది, 2020లో అదీ మానేసింది.

మానేసిన తర్వాత ఏమైందో చూడండి. కరోనా నడుస్తోంది, ఆ వెంటనే ఉక్రెయిన్ యుద్ధం. ప్రపంచమంతా నూనె ధర చూసి గుండెలు పట్టుకుంది. 2022 మేతో ముగిసిన ఏడాదిలో కార్గిల్ లాభం 6.7 బిలియన్ డాలర్ల దాకా ఉందని బయటికొచ్చింది, కంపెనీ చరిత్రలోనే అప్పటికి అది రికార్డు. మన ఇళ్లల్లో బజ్జీలు మానేసిన ఏడాది అది. అక్కడ వంశంలో ఇంకొందరు ప్రపంచ కుబేరుల జాబితాలోకి ఎక్కిన ఏడాదీ అదే. లాభం చేసుకున్నారని నా ఏడుపు కాదు, వ్యాపారం అన్నాక లాభం ఉంటుంది. ఆ లాభం ఏ సరుకులో, ఏ నెలలో, ఎవరి సంకట సమయంలో వచ్చిందో చూపించే కాగితం లోకానికి లేదు. నా కోపం అక్కడ.

కోట్‌పల్లికీ మిన్నెసోటాకీ ఏం సంబంధం అనే తెలివైనవాళ్లు ఉంటారు. వాళ్లను ఊళ్లోని కిరాణా దుకాణానికి రమ్మంటాను. అలమరలో నూనె ప్యాకెట్లు వరసగా పేర్చి ఉంటాయి. జెమిని ఎవరిది? కార్గిల్‌ది. స్వీకార్? మారికో దగ్గర కొనుక్కున్నది, అదీ కార్గిల్‌దే. నేచర్‌ఫ్రెష్, అదీ వాళ్లదే. 1987 నుంచి ఇక్కడే ఉన్నారు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం రేవు పక్కన నూనె శుద్ధి కర్మాగారం కూడా తీసుకున్నారు. అమెరికా కంపెనీ అని అనుకుంటాం గానీ, తాలింపు వేసినప్పుడల్లా పలకరిస్తూనే ఉన్నాం.

ఈ నేల నూనె లేని నేల కాదు. తాండూరు, వికారాబాద్ రేగళ్లలో కుసుమ పండేది, ఇప్పటికీ కొద్దిగా పండుతుంది. తాండూరు వ్యవసాయ పరిశోధన కేంద్రం కంది మీదా కుసుమ మీదా పని చేస్తుంది. అంటే సర్కారుకే తెలుసు ఈ నేల దేనికి పనికొస్తుందో. వానాకాలం పోయాక రేగడిలో మిగిలిన పదునుతోనే, ఒక్క తడి ఇవ్వకుండా, ముళ్ల చెట్టు నూనె గింజలిస్తుంది. 1986లో రాజీవ్ గాంధీ హయాంలో నూనెగింజల మిషన్ పెట్టారు. 1990ల మొదట్లో దేశం తన వంటనూనె తానే దాదాపు మొత్తం పండించుకుంది. 1994లో పామోలిన్ దిగుమతికి గేటు తెరిచారు, 65 శాతం సుంకంతో. నాలుగేళ్లలో ఆ సుంకాన్ని పదిహేను, పదహారు శాతానికి దించారు. ఇప్పుడు మనం వాడే వంటనూనెలో సగానికి పైగా ఓడల్లో వస్తుంది, ఏటా కోటిన్నర టన్నులు దాటుతుంది. ఉక్రెయిన్‌లో బాంబు పడితే ఇక్కడి బంట్వారంలో నూనె ధర పెరిగే దుస్థితి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఢిల్లీలో సంతకం పెట్టి తెచ్చుకున్నాం. ఆ సంతకం వల్ల ఎవరి ఓడలు నిండాయో, ఎవరి పద్దులో ఎంత చేరిందో అడిగే దిక్కు మాత్రం లేదు.

ఇక కంది దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడి జీవం అదే.

తాండూరు కంది అంటే మామూలు కంది కాదని ఈ ప్రాంతం వాళ్లు చెప్పుకోవడం ఏనాటి నుంచో ఉంది. 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అర్జీ పెట్టుకున్నది యాలాల రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, వెనక నిలబడ్డది జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం. నల్లరేగడిలో అట్టపల్గైట్ అనే బంకమట్టి ఖనిజం, అడుగున సున్నపురాయి, అదే రాయి పైకొస్తే తాండూరు బండలుగా ఊళ్లకు ఊళ్లు పరుచుకుంటాం. ఆ మట్టి తేమను పట్టి ఉంచుతుంది, పప్పు తొందరగా ఉడుకుతుంది, నిలవ ఉంటుంది, మాంసకృత్తులు 22 శాతం పైనే. సరిహద్దు దాటితే కలబురగి, వాళ్ల కందిపప్పుకూ 2019లోనే గుర్తింపు వచ్చింది. ఒకే మట్టికి రెండు రాష్ట్రాల్లో రెండు బిరుదులు.

బిరుదు సరే, ధర ఎవరు చెబుతారు?

సంక్రాంతి ముందూ వెనకా మార్కెట్ యార్డుకు పోయి నిలబడండి. కుప్పలు పోసి ఉంటాయి. కుప్ప పక్కన ఆసామి టవలు మీద కూర్చుని ఉంటాడు. రాత్రే ట్రాలీలో వచ్చాడు, కంటి నిండా నిద్ర లేదు. ఖరీదుదారు వస్తాడు. కుప్పలో మోచేతి దాకా చెయ్యి దించి, అడుగు నుంచి పిడికెడు తీసి, అరచేతిలో పరిచి ఊదుతాడు. ఒక గింజ పంటి కింద వేస్తాడు. కటుక్కుమంటే ఎండింది, మెత్తగా తెగితే తేమ. అప్పటిదాకా అది వెయ్యేళ్ల విద్య, దానికి దండం పెడతాను. ఆ తర్వాత జేబులోంచి ఫోను తీస్తాడు. అందులో ఉన్నది తాండూరు ధర కాదు. చెన్నై రేవులో లెమన్ తూర్, డాలర్లలో టన్నుకు ఎంత. ముంబైలో అరుష ఎంత, మట్వారా ఎంత, గజరి ఎంత. లెమన్ అంటే బర్మా కంది, మిగతావి ఆఫ్రికా కందులు. ఆ అంకెలు చూసుకుని మన కుప్పకు రేటు రాస్తాడు. బర్మా కంది ఎంత పండిందో, ఎవరి గోడౌన్లో ఎంత ఉందో ఆసామికి తెలియదు. ఖరీదుదారుకూ పూర్తిగా తెలియదు, పైవాడు చెప్పింది నమ్ముతాడు. ఆ పైవాడికి ఇంకో పైవాడు. పోను పోను ఆ గొలుసు చివర ఎవరి పద్దు ఉందో అది మూసి ఉంటుంది. కింద కాంటా మీద మాత్రం దడ్వాయి బస్తా బస్తాకూ తూకం చీటీ రాస్తాడు, కడ్తా పేరుతో తరుగు తీస్తాడు, చాటకూలీ ఆడవాళ్లు నేల మీద రాలిన గింజలు కూడా ఊడ్చి లెక్క కట్టుకుంటారు. కింద గింజకు లెక్క ఉంది, పైన ఓడకు లెక్క లేదు.

కార్గిల్ వచ్చి తాండూరు కందుల ధర కొడుతోందని నేను అనడం లేదు, నాకు తెలియని మాట నేను రాయను. కంది వ్యాపారంలో పెద్ద చేతులు వేరే ఉన్నాయి. కానీ పద్ధతి ఒకటే. ప్రపంచ ధాన్యాన్ని గుప్పెడు కంపెనీలు నడుపుతాయి, అందులో కొన్ని కుటుంబాల సొంతం, వాటి నిల్వలు రహస్యం. కార్గిల్ ఆ పద్ధతికి పెద్దమ్మ. అందుకే దాని పేరు పెట్టి పిలుస్తున్నాను.

ఇంకో మాట. మన వ్యాపారులకు చట్టం ఉంది. 2023 జూన్ 2న కేంద్రం కంది, మినుము మీద నిల్వ పరిమితి పెట్టింది. టోకు వ్యాపారికి 200 టన్నులు, చిల్లర దుకాణానికి 5 టన్నులు. సెప్టెంబరులో టోకు పరిమితిని 50 టన్నులకు కోసింది. దిగుమతిదారు కూడా కస్టమ్స్ దాటిన ముప్ఫై రోజుల్లో సరుకు కదిలించాలంది. పోర్టల్‌లో నిల్వ ప్రకటించమంది. మంచిదే, కడుపు మీద కొట్టే దాపరికం ఎవరు చేసినా తప్పే. కానీ ఆ చట్టం కన్ను చెన్నై రేవు గట్టు దగ్గరే ఆగిపోతుంది. గట్టుకు అవతల రంగూన్ గోడౌన్లో సరుకు ఆరు నెలలు కూర్చున్నా మన చట్టానికి కనబడదు. 2023 చివర్లో మొజాంబిక్‌లోని నకాలా రేవులో కంపెనీల కోర్టు తగాదాతో మనకు రావాల్సిన కందులు ఆగిపోయాయి. ఇక్కడ వినియోగదారు ఆ తగాదాకు వడ్డీ కట్టాడు. ఎవరి తగాదా, ఎంత సరుకు, ఎవరు లాభపడ్డారు? హైదరాబాద్ రైతుబజారులో పప్పు కొన్న ఒక్క ఇల్లాలికైనా చెప్పారా?

మొజాంబిక్ రైతు మీద నాకు కోపం లేదు. వాడి గతి మన గతే. 2016లో మన ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం రాసుకుంది, మీరు కంది పండించండి, ఏటా పెంచుకుంటూ రెండు లక్షల టన్నుల దాకా కొంటాం అని. 2017 ఆగస్టులో ఇక్కడ కందులు ఎక్కువయ్యాయని దిగుమతికి పరిమితి పెట్టేసింది. అక్కడ ధర కూలింది. ఇక్కడా అంతకు ముందే కూలి ఉంది. 2015లో కిలో పప్పు రెండు వందలు చూసి రైతులంతా కంది వేశారు, 2016-17లో దేశంలో 48 లక్షల టన్నులు పండింది, క్వింటాలు మద్దతు ధర 5,050 ఉంటే యార్డుల్లో అంతకంటే వెయ్యి తక్కువకు అమ్ముకున్నారు. రెండు ఖండాల్లో రెండు రకాల రైతులు ఒకే ఏడాది మునిగారు. మధ్యలో ఉన్నవాళ్లు మునిగారా? తెలియదు. పద్దు మూసి ఉంది కదా.

ఇప్పుడు అసలు నొప్పి. 2025 జనవరి. కొత్త కంది యార్డులకు దిగుతోంది. అప్పటి మద్దతు ధర క్వింటాలుకు 7,550. సరిగ్గా ఆ నెలలోనే కేంద్రం సుంకం లేని కంది దిగుమతిని 2026 మార్చి 31 దాకా పొడిగించింది. కోత నెలలోనే ఎందుకు? జూన్‌లో చెబితే విత్తేవాడు ఆలోచించుకునేవాడు కాదా? ధర మద్దతు ధర కిందికి జారింది. ఏడు వేలకు క్వింటాలు అమ్మినవాడి లెక్క నేను కట్టి చూపిస్తాను. క్వింటాలు కంది మరాడితే డెబ్బై కిలోల పప్పు దిగుతుంది. అంటే పప్పులో గింజ ఖరీదు కిలోకు వంద. పొట్టు, నూక పశువుల దాణాకు పోతాయి, వాటికీ పైసలొస్తాయి. అదే రోజుల్లో పట్నంలో పప్పు కిలో నూటయాభై దాకా ఉంది. మధ్యలో మిల్లుకు కరెంటు ఉంది, కూలీ ఉంది, లారీ కిరాయి ఉంది, కాదనను. కానీ కాయతొలుచు పురుగుకు మందు కొట్టినవాడు, ఎండు తెగులుకు సగం చేను పోగొట్టుకున్నవాడు, ఎరువు ఉద్దెర తెచ్చి మిత్తి కట్టినవాడు, ఏడు నెలలు చేలో ఉన్నవాడు, వాడి ఖర్చు మాత్రం ఎవరి ఫోనులోనూ కనబడదు.

కోట్‌పల్లి చెరువును చూడండి, అదే కథ ఇంకో రూపంలో. ఆ ప్రాజెక్టు కట్టింది సేద్యానికి. ఇప్పుడు శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి కార్లు దిగుతాయి, రంగురంగుల కయాక్ పడవలు తిరుగుతాయి, ఫోటోలు పడతాయి. తిరగనివ్వండి, పది మందికి పని దొరుకుతుంది. కానీ కాలువ చివరి చేను తడుస్తుందో లేదో పట్టించుకునే ఫోటో ఒక్కటీ నేను చూడలేదు. నీళ్లు లేని చోట కంది వేస్తారు. కంది వేసినవాడు చెన్నై డాలరు చేతిలో పడతాడు.

కార్గిల్ మీద కోపం మన పక్కన ముప్ఫై ఏళ్ల కిందే ఒకసారి పేలింది. 1992 డిసెంబరు 29న నంజుండస్వామి నడిపిన కర్ణాటక రాజ్య రైతు సంఘం వాళ్లు బెంగళూరులో కార్గిల్ విత్తన కంపెనీ ఆఫీసులోకి దూరారు, ఫైళ్లు బయటికి విసిరారు, తగలబెట్టారు. మరుసటి ఏడాది జులైలో బళ్లారిలో కట్టుకుంటున్న విత్తన కేంద్రాన్ని కూల్చారు. ప్రపంచ వాణిజ్య ఒప్పందం మీద వచ్చిన డంకెల్ ముసాయిదా భయం అప్పుడు, విత్తనం చేజారుతుందన్న భయం. భయం నిజమే, దారి తప్పు. 1998లో కార్గిల్ తన అంతర్జాతీయ విత్తన వ్యాపారాన్ని మోన్శాంటోకు అమ్ముకుని వెళ్లిపోయింది, విత్తనం మీద రైతు పట్టు మాత్రం తిరిగి రాలేదు. ఆ రోజు రైతులు కాగితాలు కాల్చారు. నేను ఇవాళ అడిగేది దానికి పూర్తిగా ఎదురు. ఒక్క కాగితమూ కాలకూడదు. అన్నీ బయట పెట్టండి, చదువుకుంటాం.

కుటుంబ వ్యాపారం మంచిదండీ, మూడు నెలల లాభం కోసం పరుగెత్తదు, తరాల కోసం ఆలోచిస్తుంది అని ఒక వాదన ఉంది. కార్గిల్ వాళ్లూ అదే చెబుతారు, లాభంలో అధిక భాగం తిరిగి వ్యాపారంలోనే పెడతామని. సంతోషం. 1937లో ఇదే కుటుంబం షికాగోలో మక్క వాయిదా బేరాలను గుప్పిట్లో పెట్టుకోబోయిందని ఆరోపణ వచ్చి, 1938లో అక్కడి ధాన్య మార్కెట్ వాళ్లను సభ్యత్వం నుంచి గెంటేసింది. తరాల ఆలోచన అంటే అదేనా? షేరు మార్కెట్‌లో ఉన్న కంపెనీలు సాధువులని కూడా నేను అనను. అలాంటి ధాన్య కంపెనీయే అయిన ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లాండ్ 1996లో లైసిన్, సిట్రిక్ ఆమ్లం ధరలు కుమ్మక్కై పెంచామని ఒప్పుకుని పది కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. కానీ దాని లెక్కలు కనీసం మూడు నెలలకోసారి లోకం ముందు పరుస్తుంది, తప్పు దొరికితే పట్టుకోవడానికి ఒక పేజీ ఉంటుంది. పేజీయే లేని చోట ఏం పట్టుకుంటాం?

మరి తాండూరు మిల్లులూ కుటుంబాలవే కదా, వాళ్లనూ తిట్టు అంటారు. తిట్టాల్సినప్పుడు తిడతాను. కడ్తా పేరుతో కిలోలు కోసే అడ్తిదారును వదిలేది లేదు. బయటి కంది మరాడించి తాండూరు పేరు అచ్చు కొట్టి అమ్మేవాడు ఎక్కడ ఉన్నా వాడిని 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కింద జైలుకు పంపొచ్చు, పంపాలి. కానీ ఇక్కడి సేటు గేటు రోడ్డు మీద ఉంది. బాకీ ఇవ్వకపోతే రైతు పోయి గేటు ముందు కూర్చుంటాడు, సాయంత్రానికి పెద్దమనుషులు వస్తారు, ఏదో ఒకటి తేలుతుంది. మిన్నెసోటాలో కార్గిల్ గేటు ముందు కూర్చోవడానికి వీసా ఎవరిస్తారు?

పెద్ద కోరికలు కోరను. దేశంలోకి పప్పుగింజ గానీ నూనె గానీ తెచ్చే ఏ సంస్థ అయినా, మన రేవులో సరుకు దించాలంటే, విదేశాల్లో మన కోసం కొని పెట్టిన నిల్వ ఎంతో నెలనెలా ప్రకటించాలి. ఆ షరతు దిగుమతి అనుమతిలోనే రాయాలి. కుటుంబ కంపెనీ అని, షేరు మార్కెట్‌లో లేదని మినహాయింపు ఉండకూడదు. సుంకం పెంచడమైనా తగ్గించడమైనా విత్తనం నేలలో పడకముందే చెప్పాలి, డిసెంబరు నుంచి మార్చి దాకా దాని జోలికి పోకూడదు. ధర మద్దతు కిందికి పడ్డ రోజే కొనుగోలు కేంద్రం తెరవాలి, అడ్తిదారుకు అమ్ముకుని ఇంటికి పోయాక కాదు.

నాలుగోది తాండూరు యార్డులోనే చేయొచ్చు, ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. కాంటా దగ్గర గోడ మీద ఒక బోర్డు పెట్టండి. మద్దతు ధర ఒక గీతలో, ఆ పొద్దు చెన్నైలో లెమన్ తూర్ ధర రూపాయల్లో ఇంకో గీతలో, ఖరీదుదారు ఫోనులో ఉన్నదంతా తెలుగులో, ఆసామి కూర్చున్న చోటికి కనబడేంత పెద్ద అక్షరాల్లో. రోజూ పొద్దున బేరం మొదలు కాకముందే రాయాలి. ఖర్చుకు నిధుల్లేవని మార్కెట్ కమిటీ అంటే నాకు చెప్పండి, పెయింటు డబ్బా నేను కొనిస్తాను.